తేదీ తప్పని తలనొప్పి

నెలనెలా అవే దినములలో కణతలయందు లేచు పోటునకును, దేహములోని హార్మోనుల హెచ్చుతగ్గులకును గల సంబంధమును వైద్యశాస్త్రము ఎట్లు కనిపెట్టినదో, ఆ జ్ఞానము మన యిండ్లలోని స్త్రీలకు ఎట్లు ఉపకరింపగలదో తెలుపు కథనము

బాల్యమున తలనొప్పికి లింగభేదము లేదు. ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమున పార్శ్వపు నొప్పి, అనగా మైగ్రేన్, ఆడపిల్లలకును మగపిల్లలకును ఇంచుమించు సమానముగానే వచ్చును. కొన్ని లెక్కలలో మగపిల్లలే ఒక పిసరు ఎక్కువగా కనిపింతురు. ఆడపిల్ల పుష్పవతి యగు కాలమునకు ఈ సమత్వము చెదరి, యౌవనమునుండి నడివయసు దాక ఆ వ్యాధి స్త్రీలనే అధికముగా వెంటాడి, ముప్పది నలుబదేండ్ల ప్రాయమున పురుషులకంటె మూడింతలు పెరిగి, ముట్లుడిగిన పిమ్మట మరల తగ్గుముఖము పట్టును. అమెరికాలో జరిగిన విస్తృతమైన సర్వేలలో ఒక సంవత్సర కాలమున స్త్రీలలో నూటికి సుమారు 18 మందికిని, పురుషులలో సుమారు 6 మందికిని మైగ్రేన్ వచ్చినట్లు తేలినది. మన పొరుగుననే, కర్ణాటకమున పట్టణములను పల్లెలను కలిపి ఇంటింటికి తిరిగి చేసిన పరిశోధనలో పెద్దలయందు నూటికి 25 మందికి అది యున్నట్లును, అందును స్త్రీల పాలే అధికమైనట్లును వెల్లడియైనది.

ఈ భేదమునకు లోకము చెప్పుకొన్న కారణములు అనేకములు. స్త్రీ సుకుమారి యనిరి, మనోనిబ్బరము చాలదనిరి, సరిగా పండుగ పనుల నాటికే నొసట గుడ్డ బిగించి చీకటిగదిలో పడుకొన్న కోడలిని చూచి, అది పని తప్పించుకొను మిషయని మూతి ముడిచిన అత్తలును కలరు. ఆమె నుదుట శొంఠిగంధపు పట్టు వేసినను, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు నెలకొల్పిన అమృతాంజనమును కణతలకు మర్దించినను, కొంత ఉపశమనము కలిగినదే కాని, అదే నొప్పి మరుసటి నెల అదే దినములలో ఏల తిరిగి రావలెనను ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకలేదు. పదునేడవ శతాబ్దమున హాలండు వైద్యుడు వాన్ డర్ లిండెన్, ఒక ప్రభువంశపు స్త్రీకి ప్రతి ఋతుకాలమునను తలకొక ప్రక్క లేచు నొప్పిని, దానితోడి వాంతులను గ్రంథస్థము చేసియుండెను. అనగా ఈ సంబంధము వైద్యుల కంటబడక పోలేదు. కంటబడినదానిని కొలిచి చూపుటకు మాత్రము మూడువందల యేండ్లు పట్టినది.

కొలిచిన పిమ్మట తేలిన ముఖ్యసూత్రము ఒక్కటి: స్త్రీ దేహమున ఈస్ట్రోజెన్ ఎంత యున్నదనుటకంటె, ఉన్నది ఎంత వేగముగా దిగజారినదనుటయే తలనొప్పికి ప్రధానము. నెలసరి, ప్రసవము, గర్భనిరోధక మాత్రల విరామము, ముట్లుడుగు కాలము — వేరువేరుగా కనిపించు ఈ ఘట్టములన్నింటికిని ఈ సూత్రమే చాలవరకు తాళపుచెవి.

ఐదవ నాడి

తలకును ముఖమునకును బాధను తెలుపు దారి చాలవరకు ఒక్కటే. మెదడునుండి వెలువడు పండ్రెండు జతల నాడులలో ఐదవదానికి త్రిధారనాడి యని పేరు. కపాలపు అడుగున, చెవికి కొంచెము ముందుగా, ఒక చిన్న గుంటలో దీని కణములు చాలవరకు ముడివడియుండగా, ఆ ముడినుండి ఒక శాఖ కంటికిని నొసటికిని, రెండవది చెక్కిలికిని పైపండ్లకును, మూడవది క్రింది దవడకును పోవును. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు. దానిని కప్పియున్న పొరలకును, ఆ పొరలలోని రక్తనాళములకును తెలియును. ఆ వార్తను మోసుకొనిపోవునది ముఖ్యముగా ఈ నాడియొక్క మొదటి శాఖయే. మూడు శాఖల వార్తలును మెదడు కాండమున ఒకే కేంద్రమునకు చేరుటచేతను, ఆ కేంద్రము మెడలోని వెన్నుపాము పైభాగము దాక వ్యాపించి యుండుటచేతను, మైగ్రేన్ గలవారు కొందరు మెడ పట్టినదనుకొని ఒకరి వద్దకును, పంటిపోటనుకొని ఒకరి వద్దకును, సైనస్ అనుకొని మరియొకరి వద్దకును తిరిగి తిరిగి అలసిపోవుదురు.

ఈ నాడియు మెదడుపొరల రక్తనాళములును కలిసి మైగ్రేన్‌ను పుట్టించునని 1979లో అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ మాస్కోవిట్జ్ ప్రతిపాదించెను. నొప్పి లేచినప్పుడు నాడీతంతువుల కొనలనుండి సీజీఆర్‌పీ అను సూక్ష్మపదార్థము వెలువడి రక్తమున చేరుచున్నదని స్వీడన్ దేశీయుడు లార్స్ ఎడ్విన్సన్, ఆస్ట్రేలియా దేశీయుడు పీటర్ గోడ్స్‌బీ కంఠసిరలోని నెత్తురును పరీక్షించి నిరూపించిరి. ఆ పదార్థమును సిరలోనికెక్కించినచో మైగ్రేన్ గలవారికి నిజముగనే నొప్పి వచ్చునని డెన్మార్కున యెస్ ఓలెసెన్ బృందము చూపెను. ఈ నలుగురికిని 2021లో బ్రెయిన్ ప్రైజ్ లభించినది.

త్రిధారనాడి ముడిలోని కణములయందు ఈస్ట్రోజెన్‌ను గుర్తుపట్టు గ్రాహకములు కలవు. కావున అండాశయమున ఊరిన హార్మోను నొప్పినాడితో నేరుగా మాటలాడగలదు. బెర్లిన్ నగరమందలి షారిటే వైద్యశాల పరిశోధకులు మైగ్రేన్ గల స్త్రీల నెత్తుటియందే కాక కన్నీటియందును సీజీఆర్‌పీని కొలిచి 2023లో ప్రకటించిన ఫలితములలో, నెలసరి దినములందు అది మైగ్రేన్ లేని స్త్రీలకంటె హెచ్చుగా కనిపించినది. గర్భనిరోధక మాత్రలు వాడువారిలోను, ముట్లుడిగినవారిలోను ఆ భేదము కనబడలేదు. హార్మోను పడిపోవు వేళ నొప్పిపదార్థము పైకి లేచుచున్నదనుటకు ఇది బలమైన సాక్ష్యము.

సిడ్నీ నగరపు సూదిమందు

అయితే నెలసరికి ముందు దిగజారునది ఈస్ట్రోజెన్ ఒక్కటియే కాదు. ప్రొజెస్టెరాన్ కూడ దానితోపాటే పడిపోవును. రెండును జంటగా దిగుచుండగా నేరము దేనిదని నిర్ణయించుట ఎట్లు? 1970 దశకపు తొలి సంవత్సరములలో, ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమందు, బ్రయన్ సోమర్‌విల్ అను వైద్యుడు ఈ జంటను విడదీయుటకు పూనుకొనెను. నెలనెలా తప్పక తలనొప్పి వచ్చు కొద్దిమంది స్త్రీలను ఎన్నుకొని, నెలసరికి ముందు వారికి ప్రొజెస్టెరాన్ ఇచ్చెను. రక్తస్రావము వెనుకకు జరిగినది. తలనొప్పి మాత్రము చాలమందికి తన పాత తేదీకే వచ్చినది. పిమ్మట నూనెలో కలిపిన, దేహమున మెల్లమెల్లగా కరగు ఈస్ట్రడయాల్ సూదిమందు నిచ్చెను. ఈసారి రక్తస్రావము తన వేళకు వచ్చినది. తలనొప్పియే వెనుకకు జరిగినది. కొన్ని దినములకు ఆ మందు కరిగి నెత్తుటిలోని ఈస్ట్రడయాల్ తగ్గగనే, ఆగియున్న నొప్పి లేచి వచ్చినది.

ఈ ప్రయోగముయొక్క సౌందర్యము దాని సరళత్వమున కలదు. నొప్పికిని రక్తస్రావమునకును గల ముడిని తెంచి, రెండును ఒకే నాడు వచ్చుచున్నంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కానక్కరలేదని చూపి, అసలు కారణమును ఆయన వేరుగా నిలువబెట్టెను. తరువాతి పరిశోధనలలో ఆయన మరియొక మెలికను కనుగొనెను: ఒకటి రెండు దినములు మాత్రమే ఈస్ట్రోజెన్ నిచ్చి ఆపినచో నొప్పి రాదు, దేహము దానికి కొన్ని దినములు అలవాటు పడియుండవలెను. ప్రతి ఉదయము కాఫీ త్రాగువాడు ఏకాదశినాడు మానినచో మధ్యాహ్నమునకు తల పట్టుకొని కూర్చుండును. జన్మలో కాఫీ ముట్టనివానికి ఆ బెడద లేదు. ఈస్ట్రోజెన్ సంగతియు ఇంచుమించు అట్టిదే.

మరి, నెలనెలా ఈ పతనము స్త్రీలందరికిని సహజమే కదా, కొందరికే తలనొప్పి యేల? 2016లో ప్రకటితమైన ఒక అమెరికా అధ్యయనము ఇందుకు ఆలోచింపదగిన సమాధానము నిచ్చినది. ఋతుచక్రపు ఉత్తరార్ధమున ఈస్ట్రోజెన్ శిఖరమునకు చేరిన తరువాతి రెండు దినములలో, మైగ్రేన్ లేని స్త్రీలయందు అది నూటికి 30 వంతులు తగ్గగా, మైగ్రేన్ గల స్త్రీలయందు 40 వంతులు తగ్గినది. ఆ నెల తలనొప్పి వచ్చినను రాకున్నను ఈ వేగము మారలేదు. దీనికి తోడు, ప్రొజెస్టెరాన్ తగ్గినప్పుడు గర్భాశయపు లోపలి పొరనుండి వెలువడి పొత్తికడుపు నొప్పికి కారణమగు ప్రోస్టాగ్లాండినులు నెత్తుటిలో చేరి, నాడులను మరింత రేపును. నడుమునొప్పి, కడుపునొప్పి, తలనొప్పి మువ్వురు తోబుట్టువులవలె ఒకేసారి ఇంటికి దిగుట ఇందువలననే.

నోటుపుస్తకములోని సాక్ష్యము

రోగి మాటను వైద్యుడు నమ్మవలెనన్నను, వైద్యుని మాటను రోగి నమ్మవలెనన్నను, నడుమ ఒక నోటుపుస్తకము ఉండుట మంచిది. అంతర్జాతీయ తలనొప్పి సంఘపు నిర్వచనము ప్రకారము, రక్తస్రావము మొదలైన దినమును ఒకటవ దినముగా లెక్కించి, దానికి ముందటి రెండు దినములును, మొదలైనది మొదలు మూడు దినములును కలిసి ఐదు దినముల గడువు. ఆ గడువులో మూడు నెలలకు కనీసము రెండు నెలలు నొప్పి వచ్చినచో అది నెలసరి మైగ్రేన్. తక్కిన దినములలో ఎన్నడును రానిచో శుద్ధమైన నెలసరి మైగ్రేన్. తక్కిన దినములలో కూడ వచ్చుచున్నచో నెలసరితో సంబంధము గల మైగ్రేన్.

ఉదాహరణకు ఒక పుటను తీసికొందము. తేదీకి ఎదుట నాలుగు గళ్లు: నెలసరి, నొప్పి తీవ్రత, వేసికొన్న మాత్ర, నిద్రాహారములు. జూన్ 14న రక్తస్రావము మొదలైనది. 12 సాయంకాలము కుడికణత పోటు, 13న వాంతులు, రెండు మాత్రలు. 15 నాటికి శాంతి. జూలై 11న రక్తస్రావము. 10, 11 తేదీలలో నొప్పి. జూలై 24న మరల నొప్పి, దాని ఎదుట “శనివారము ఉపవాసము, రాత్రి నిద్ర లేదు” అని వ్రాసియున్నది. ఆగస్టు 8న రక్తస్రావము; 6న నొప్పి. ఈ పుటను చదువుటకు వైద్యునికి ఒక నిమిషము చాలును: నెలసరి నొప్పి స్పష్టము, జూలై 24 నాటిది మాత్రము వేరు దారిన వచ్చినది. ఉపవాసము, నిద్రలేమి, ఎండ, బడలిక — ఇవి ఏ దినముననైనను నొప్పిని రేపగలవు. ఈస్ట్రోజెన్ పడిపోవు దినములలోనైతే మరింత సులభముగా రేపగలవు. అందుచేత ఆ ఐదు దినములలో పస్తులుండకుండుట, వేళకు నిద్రించుట మందుతో సమానమగు పథ్యము.

పెరిగినప్పుడు శాంతి, పడినప్పుడు ప్రకోపము

గర్భధారణమునందు ఈస్ట్రోజెన్ పదుల రెట్లు పెరుగుటయే కాక, నెలనెలా ఎగసిపడుట మానును. సూత్రము నిజమైనచో అప్పుడు నొప్పి తగ్గవలెను; తగ్గుచునే యున్నది. మూడవ నెల దాటిన పిమ్మట మైగ్రేన్ గల స్త్రీలలో అధికసంఖ్యాకులకు నొప్పులు పలుచబడుటయో, పూర్తిగా మాయమగుటయో జరుగును. ప్రసవమైన కొన్ని దినములకే హార్మోను కొండమీదినుండి లోయలోనికి దూకగా, బాలింతకు నొప్పి మరల దాపురించును. శిశువునకు చనుబాలిచ్చు తల్లులకు అది కొంత ఆలస్యముగా వచ్చును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. బాలింత తలనొప్పి నంతయు హార్మోనులకు ముడిపెట్టరాదు. రక్తపు పోటు పెరుగుటవలనను, మెదడు సిరలలో నెత్తురు గడ్డకట్టుటవలనను తీవ్రమైన తలనొప్పి రావచ్చును. దేహమున నీరు తగ్గినచో గడ్డకట్టు ప్రమాదము హెచ్చును. పథ్యము పేరిట బాలింతకు దాహము తీర నీరు ఈయని ఇండ్లు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఎన్నడును లేని తీవ్రతతో వచ్చు నొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, ఒక చేయి పట్టుతప్పుట, మాట తడబడుట — వీనిలో ఏ యొక్కటి కనిపించినను ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలకు నెలకొక వారము విరామము వచ్చును. ఆ వారముననే కొందరికి తలనొప్పి. ఇదియును పతనమే. అయితే మైగ్రేన్‌కు ముందు కండ్లయెదుట మెరుపుతీగలు, వంకరటింకర కాంతిరేఖలు కదలు మరియొక జాతి కలదు. ఈ మెరుపులు మెదడు ఉపరితలముపై నిమిషమునకు మూడు మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా ప్రాకు ఒక విద్యుత్తరంగపు చేష్ట యని నేటి శాస్త్రజ్ఞులు భావింతురు. అట్టి తరంగమును 1944లో బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు లియావ్ మొదటిసారి వర్ణించెను. ఈ జాతికి ఈస్ట్రోజెన్ పతనముకంటె ఆధిక్యమే ప్రేరకమగుచుండుటచే, గర్భిణులలో ఇది తగ్గకపోవుటయే కాక కొందరికి అప్పుడే తొలిసారిగా కనిపించును. మెరుపుల మైగ్రేన్ గల స్త్రీకి పక్షవాతపు ప్రమాదము స్వల్పముగా హెచ్చు. ఈస్ట్రోజెన్ గల మాత్ర తోడైనచో ఇంకను హెచ్చు. కావుననే అట్టి స్త్రీలు ఏ వయసుననైనను ఆ మాత్రలు వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది.

మన ప్రాంతమున పెండ్లికో, వ్రతమునకో, తిరుమల యాత్రకో నెలసరి అడ్డురాకుండ మందుల దుకాణమున నోరెథిస్టెరాన్ బిళ్లలు కొని మ్రింగుట సాధారణమైనది. అది ప్రొజెస్టెరాన్ జాతి మందే యైనను, హెచ్చు మోతాదున వాడినప్పుడు అందు కొంత భాగము దేహమున ఈస్ట్రోజెన్‌గా మారును. మెరుపుల మైగ్రేన్ గలవారు, మునుపు నెత్తురు గడ్డకట్టినవారు వైద్యుని సలహా లేక ఆ బిళ్లలను ముట్టరాదు.

దవడలు, నోరు, మగవారు

ముఖపు నొప్పి కథ కొంత భిన్నము. చెవి ముందటి దవడకీలునందును, నమలు కండరములందును ఉండు నొప్పికి చికిత్స కోరి వచ్చువారిలో అత్యధికులు సంతానయోగ్యమైన వయసు గల స్త్రీలే. అమెరికాలోని సియాటిల్ నగరమందు లిండా లెరెష్ బృందము 1997లో ప్రకటించిన అధ్యయనమున, ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ వాడిన స్త్రీలు ఈ నొప్పితో చికిత్సకు వచ్చు అవకాశము సుమారు 30 శాతము హెచ్చుగా కనిపించినది. వారే 2003లో, దవడనొప్పి నెలసరి దినములలోను, అండము విడుదలయగు నడిచక్రపు దినములలోను హెచ్చుచున్నదని చూపిరి. రెండును హార్మోను వడివడిగా మారు వేళలే. ముట్లుడిగిన స్త్రీలలో కొందరికి కారణము కనబడకయే నాలుక మంటలెత్తు వ్యాధి యొకటి కలదు. దానినిగూర్చిన వివరణములు ఇంకను పరిశీలనలోనే యున్నవి.

పురుషులును ఈ లెక్కకు వెలుపలివారు కారు. కంటి వెనుక శూలము పొడిచినట్లు, వారములతరబడి దినమునకు ఒకే వేళకు వచ్చు క్లస్టర్ తలనొప్పి మగవారియందే ఎక్కువ. నెదర్లాండ్సున లైడెన్ పరిశోధకులు 2018లో మైగ్రేన్ గల కొందరు పురుషులను పరీక్షింపగా, వారి నెత్తుట ఈస్ట్రడయాల్ ఇతర పురుషులకంటె హెచ్చుగా కనిపించినది. ఆ దేశముననే 2004లో, పురుషులుగా పుట్టి ఈస్ట్రోజెన్ చికిత్సతో స్త్రీలుగా జీవించువారిలో నూటికి 26 మందికి మైగ్రేన్ ఉన్నట్లు తేలినది. అచటి స్త్రీలలో అది 25, పురుషులలో 7.5. మనోదౌర్బల్యమను పాత వాదమునకు ఇంతకంటె సూటియైన ఖండనము అక్కరలేదు.

తేదీ తెలిసిన శత్రువు

రాక తెలిసిన శత్రువును ఎదుర్కొనుట సులభము. నెలసరి క్రమము తప్పని స్త్రీకి వైద్యులు, గడువునకు రెండు దినములు ముందుగనే నాప్రాక్సెన్ వంటి నొప్పిమందునో, దేహమున దీర్ఘకాలము నిలుచు ఫ్రోవాట్రిప్టాన్ వంటి మందునో మొదలుపెట్టి ఐదారు దినములు వాడింతురు. నొప్పి వచ్చిన పిమ్మటనైతే మొదటి గంటలోనే సుమాట్రిప్టాన్ జాతి మందు పనిచేయును; పోటు ముదిరి వాంతులు పట్టినప్పుడు మ్రింగిన మాత్ర కడుపులోనే నిలిచిపోవును. గుండెజబ్బు గలవారికి ట్రిప్టాన్లు పనికిరావు. సీజీఆర్‌పీని అడ్డగించు సూదిమందులు 2018 మొదలుకొని వాడుకలోనికి వచ్చినవి. ఖరీదు అధికమైనను తరచు నొప్పి వచ్చువారికి అవి గట్టి దిక్కు.

పతనమును ఆపుటయే ఉపాయమైనచో ఈస్ట్రోజెన్‌నే ఈయరాదా? లండనులో ఆన్ మాక్‌గ్రెగర్ బృందము దానిని పరీక్షించినది. నెలసరి దినములలో ఈస్ట్రడయాల్ లేపనమును చర్మమునకు పూసికొన్న స్త్రీలకు నొప్పి దినములు 22 శాతము తగ్గినవి. లేపనము మానిన తరువాతి ఐదు దినములలో 40 శాతము పెరిగినవి. అప్పు వాయిదా పడినదే కాని తీరలేదు. మెరుపులు లేని మైగ్రేన్ గలవారిలో తగినవారికి మాత్రలను విరామము లేకుండ వాడించి, పతనమునకే తావులేకుండ చేయుట మరియొక మార్గము.

నొప్పిమాత్రలకు కూడ ఒక హద్దు కలదు. మామూలు మాత్రలు నెలకు 15 దినములు, ట్రిప్టాన్లు 10 దినములు, లేక అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినచో, ఆ మందే నిత్యపు తలనొప్పిని తెచ్చిపెట్టును.

గర్భసంచి తీయించుకొన్నచో?

నలుబదేండ్లు దాటిన స్త్రీకి ముట్లుడుగుటకు ముందటి కొన్ని సంవత్సరములు కఠినమైనవి. అండాశయము ఒక నెల పొంగి, ఒక నెల ఎండి, హార్మోను గతి తప్పుటచే నొప్పులు తరచగును. అప్పుడు “సంచి తీసివేయించుకో, రెండు బాధలును ఒకేసారి పోవును” అను సలహా బంధువులనుండి, ఒక్కొక్కప్పుడు ఆసుపత్రులనుండియు వచ్చును. ఈ సలహా తెలుగునాట ఎంత సులభముగా అమలగునో అంకెలే చెప్పుచున్నవి: 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7.

రక్తస్రావము గర్భసంచిది; తలనొప్పిని నడిపించు హార్మోను అండాశయముది. సోమర్‌విల్ ప్రయోగము ఈ రెంటిని విడదీసి చూపి అర్ధశతాబ్దము గడచినది. సంచి తీసినను అండాశయము తన ఎగుడుదిగుడులను మానదు. దానిని కూడ తీసివేసినచో మెల్లగా సంవత్సరములమీద జరుగవలసిన పతనము ఒక్క దినమున జరుగును. ఇటలీలో 1993లో ప్రకటింపబడిన అధ్యయనమున, సహజముగా ముట్లుడిగిన మైగ్రేన్ స్త్రీలలో మూడింట రెండు వంతులమందికి నొప్పి తగ్గగా, శస్త్రచికిత్సచే ముట్లుడిగినవారిలో మూడింట రెండు వంతులమందికి హెచ్చినది. గర్భసంచికి రోగమున్నచో ఆపరేషను అవసరము కావచ్చును; తలనొప్పి మాత్రము అందుకు కారణము కానేరదు. సంతకము పెట్టుటకు ముందు “అండాశయములను ఉంచుదురా, తీయుదురా? తీయవలసిన కారణమేమి?” అని సర్జనును సూటిగా అడిగి, సమాధానమును కాగితముపై వ్రాయించుకొనుట ప్రతి స్త్రీకిని గల హక్కు.